తెల్లబట్టల మడత

శుక్రవారం మధ్యాహ్నం ఒపల్ వచ్చి నా కారెక్కి, "వదినా, ఆర్చీ దుకాణానికి పోనీ" అన్నప్పుడు వెనక సీట్లో రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పైలు రెండు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఆ సాయంత్రం మా ఇంటికి నలుగురు నావికులు భోజనానికి రావాలి. గులాబీ పండుగకు యుద్ధనౌకలు మా నదిలోకి వచ్చిన వారం, మా వీధిలో పొయ్యి ఆరిన ఇల్లు ఉండదు. ఇంటికి ఇద్దరినో నలుగురినో పిలిచి కడుపునిండా పెట్టి పంపడం మా వాళ్ళ ఆనవాయితీ. అయితే నా నలుగురిలో ఒకడు ఆ పూట రాడు. వాడు జైల్లో ఉన్నాడు.

వాడి పేరు లెస్టర్ మాబ్రీ. ఇరవై ఏళ్ళు ఉంటాయో ఉండవో, ఆర్కన్సా నుంచి వచ్చిన పిల్లాడు, వెదురుబద్దలా ఉంటాడు. బుధవారం రాత్రి మా ఇంట్లో తిని, ఎవరూ చెప్పకుండానే తన కంచం తనే కడిగి బోర్లించాడు. గురువారం మధ్యాహ్నం ఆర్చీ వెల్‌హేవన్‌ను చంపాడని వాడిని పట్టుకున్నారు. సోమవారం పొద్దున వాడి ఓడ లంగరెత్తుతుంది. ఆలోగా వాడు నిర్దోషి అని తేలకపోతే ఓడ వాడిని వదిలేసి వెళ్ళిపోతుంది, వాడు సేలం జైలుకు పోతాడు. ఆ రోజుల్లో సేలం జైల్లో ఒక గది ఉండేది. అందులోకి నడిచి వెళ్ళినవాడు నడిచి వచ్చేవాడు కాదు.

ఒపల్ మా ఆయన చెల్లెలు. మా ఆయన పోయాక కూడా మా ఇద్దరికీ చెడలేదు. తను ఇరవై ఏళ్ళు ఆడపోలీసు. ఓడలు వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆడపిల్లలను నావికుల చేతుల్లోంచి లాక్కొచ్చి ఇళ్ళకు చేర్చే పని తనది. తరువాత పై అధికారితో పడక బయటికొచ్చి, ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. అన్నీ వచ్చు గానీ కారు నడపడం రాదు. అందుకని తను వెళ్ళిన ప్రతి చోటికీ నేనూ వెళ్ళేదాన్ని. నేను వాగుతాననీ, నన్ను ఎవరూ లెక్కచేయరనీ, అదే తనకు సగం బలమనీ అనేది.

ఆర్చీ చచ్చిపోయే ముందు రోజు ఒపల్ దగ్గరికి వచ్చాడు. ఆయనది లాకర్ల దుకాణం. నావికులకు ఓడలో మామూలు బట్టలు దాచుకునే వీలుండదు. ఒడ్డుకు దిగి, ఇలాంటి చోట ఒక లాకరు అద్దెకు తీసుకుని, తెల్లబట్టలు అందులో పెట్టి, మామూలు చొక్కా తొడుక్కుని ఊరి మీద పడతారు. ఏటా ఓడలు వెళ్ళిపోయాక గడియారం పోయింది, ఉంగరం పోయింది అని ఉత్తరాలు వస్తున్నాయట. తాళం మాత్రం పగలదు. మారుతాళాలు ఎవరి దగ్గర ఉంటాయో నాకు తెలుసు గానీ ఆ పేరు నా నోటితో చెప్పలేను, నువ్వే పట్టుకో అని ఒపల్‌ను బతిమాలాడట. మర్నాడు దుకాణం వెనక గదిలో, తలకు దెబ్బ తగిలి, బోర్లా పడి ఉన్నాడు.

మేము వెళ్ళేసరికి దుకాణం వాకిట్లో పోలీసు కాపలా ఉంది. లోపల లెఫ్టినెంట్ రాల్ఫ్ గిల్‌ఫెదర్ టోపీ వెనక్కి నెట్టుకుని నిలబడ్డాడు. ఒపల్ ఉద్యోగం మానడానికి కారణమైన పై అధికారి ఈయనే. ఆయన మమ్మల్ని చూసి నవ్వి, వెటకారంగా వరస కలిపి, "వచ్చావా ఒపల్ పిన్నీ, వంటమనిషిని కూడా తెచ్చావే" అన్నాడు.

"పై కూడా తెచ్చింది. నీకు పెట్టం" అంది ఒపల్, ఆయన పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళిపోతూ.

వెనక గదిలో గోడ పొడవునా ఇనుప లాకర్లు. నేల కడిగేశారు గానీ పలకల సందుల్లో నల్లటి చార ఇంకా కనబడుతోంది. ఒక మూల కుళాయి, దాని పక్కన మరుగుదొడ్డి, అవతల సందులోకి తలుపు. సందుకు ఎదురుగా మంగలి దుకాణం ఉంది. ఓడలకు దారివ్వడానికి పైకి లేచే స్టీల్ వంతెన మీద హెచ్చరిక కూత వినబడిన సమయానికి, అంటే గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటుతుండగా, తెల్లబట్టల నావికుడొకడు ఆ తలుపు తీసుకుని తలవంచుకు వెళ్ళిపోవడం మంగలి చూశాడు. మొహం చూడలేదు. చూడడు కూడా. ఆ వారం ఊళ్ళో తెల్లబట్టల్లో తిరిగేవాడి మొహం ఎవరు చూస్తారు? దొంగకు అంతకంటే మంచి ముసుగు ఉండదు.

లెస్టర్ అద్దెకు తీసుకున్న లాకరు తలుపు తీసే ఉంది. పత్రికల ఫోటోగ్రాఫరు వస్తాడని గిల్‌ఫెదర్ బట్టలను కదపకుండా ఉంచాడు. తెల్లచొక్కా కుడిచేతి అంచున ఎండిన రక్తం, గోధుమరంగు మరక. మరక చూడటానికి నేను ముందుకు వంగాను. ఒపల్ మరకను చూడనే లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో నిలబడినట్టు నిలబడి, ఆ బట్టలు ఉన్న తీరునే చూస్తోంది. చాలాసేపు చూసి, వీటిని ఇలా పెట్టింది ఎవరని అడిగింది. ఎవరూ ముట్టుకోలేదు, లాకరు తెరిచినప్పుడు ఇలాగే ఉన్నాయని కాపలా పోలీసు చెప్పాడు.

"రాల్ఫ్, ఇవి నావికుడు మడిచిన బట్టలు కావు" అంది ఒపల్.

ఆయన ఆవులించాడు. ఒపల్ చెప్పుకుపోయింది. ఓడలో ఒక్కొక్కడికి పెట్టె అంత చోటు ఉంటుంది. కొక్కేలుండవు, ఇస్త్రీ పెట్టేవాడుండడు. అందుకని చేరిన మొదటి వారంలోనే బట్టను లోపలివైపు బయటికి తిరగేసి, చుట్టగా చుట్టడం నేర్పిస్తారు. మురికి పడితే లోపలివైపు పడుతుంది, పైన తెల్లగా ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఎన్ని హోటలు గదుల తలుపులు తట్టానో, ఎన్ని కుర్చీల మీద ఎంతమంది నావికుల బట్టలు చూశానో లెక్కలేదు. తాగి ఒళ్ళు తెలియనివాడు కూడా తిరగేసే మడుస్తాడు. వాళ్ళ చేతులకు వేరే విధం రాదు. ఈ చొక్కా మాత్రం బయటివైపు బయటికే ఉంది. చేతులు రెండూ వీపు వెనక్కి మడిచి, పొడవును మూడుగా విరిచి, మెడ పైకి కనబడేలా పెట్టారు. అద్దాల బీరువాలో అమ్మకానికి పెట్టినట్టు.

నేను బట్టల వైపు మళ్ళీ చూశాను. నిజమే. బుధవారం రాత్రి వాన పడితే లెస్టర్ తన చొక్కా విప్పి మా పొయ్యి దగ్గర ఆరబెట్టి, ఆరాక నా కళ్ళ ముందే తిరగేసి చుట్టుకున్నాడు. నేను ఆ మాట అన్నాను. నా మాట ఎవరికి కావాలి.

"వాడు దాచుకున్న బట్టలను వేరేవాళ్ళు తొడుక్కుని, తిరిగి పెట్టారు. మరకున్న బట్టను తన లాకర్లోనే దాచుకుని, రెండు గంటలకు ఆ బట్టల కోసం తన కాళ్ళతో తనే మీ చేతుల్లోకి నడిచొచ్చేంత వెర్రివాడు కాదు ఆ పిల్లాడు. మారుతాళం ఎవరి దగ్గర ఉందో చూడు" అంది ఒపల్.

గిల్‌ఫెదర్ నిదానంగా చేయి చాచి, ఆ చొక్కాను మెడ దగ్గర పట్టుకుని, లాకర్లోంచి లాగి, రెండు సార్లు గాలిలో దులిపాడు. దుప్పటి దులిపినట్టు దులిపాడు. తరువాత దానిని ముద్దగా చేసి పోలీసు చేతిలో పడేశాడు.

"ఏ మడత పిన్నీ? నాకేం మడత కనబడలేదు. నీకు కనబడిందా?" అని కాపలావాడిని అడిగాడు. వాడు నేల చూశాడు.

మా ఒపల్ మొహం అంత తెల్లబోవడం నేను మా ఆయన సమాధి దగ్గర చూశాను, మళ్ళీ అక్కడ చూశాను. ఆ పిల్లాడికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం రెండు దులుపులతో పోయింది. గొంతు పెంచకుండా ఒక్క మాట అంది. "నువ్వు కేసును శనివారం పండుగ ఊరేగింపుకు ముందు ముగించాలనుకుంటున్నావు. ముగించు. కానీ ఆ గదిలోకి ఆ పిల్లాడు నడిచి వెళ్ళే రోజున నువ్వొచ్చి చూడాలి." అలా అని ముందు గదిలోకి నడిచింది.

ముందు గదిలో నార్మన్ డెవ్రీస్, ఆయన భార్య ఎడ్నా ఉన్నారు. ఎడ్నా ఆర్చీ చెల్లెలు. నార్మన్ దుకాణంలో భాగస్వామి. గురువారం శవాన్ని చూసి పోలీసులను పిలిచింది వీళ్ళిద్దరే. నార్మన్ మనిషి పిండిబస్తా, కుర్చీ రెండు వైపులా పొంగి కూర్చున్నాడు. ఎడ్నా నల్లగౌనులో, ఎండుపుల్లలా, బల్ల ముందు నిలబడి ఉతికి తెచ్చిన తువ్వాళ్ళు మడుస్తోంది. ఇంట్లో చావైనా ఊరికే కూర్చోలేని ఆడవాళ్ళను నేను చూశాను, నేనూ అలాంటిదాన్నే, అందుకని నాకు జాలేసింది. బుగ్గ మీద చేయివేసి ఓదార్చాను కూడా.

ఒపల్ ముందు నార్మన్‌ను అడిగింది. ఆయన చెప్పినదంతా పోలీసులకు అప్పటికే చెప్పినదే. గురువారం పొద్దున ఇద్దరూ వ్యాన్ వేసుకుని నది అవతల చాకలి దుకాణానికి వెళ్ళారు. తువ్వాళ్ళు తీసుకుని తిరిగి వస్తుండగా పన్నెండింటికి వంతెన లేచింది. ఓడ వెళ్ళేదాకా నిలబడిపోయారు. వంతెన దిగాక వచ్చి చూస్తే ఆర్చీ అలా పడి ఉన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో వంతెన లేచింది అంటే ఆ తరువాత మాట ఉండదు. పెళ్ళికి ఆలస్యమైన పెళ్ళికొడుకు అదే చెబుతాడు, పనికి ఆలస్యమైనవాడు అదే చెబుతాడు, పాదిరిగారు కూడా ఒకసారి అదే చెప్పారు. అవును పాపం అంటాం, కాఫీ పోస్తాం. సాక్ష్యం అడగడం మర్యాద కాదు. పోలీసులు అడగలేదు. ఒపల్ అడగలేదు. నేనైతే తల కూడా ఊపాను.

ఒపల్ ఎడ్నా వైపు తిరిగి, మీరు కూడా వ్యాన్‌లోనే ఉన్నారా అని అడిగింది. ఎడ్నా తువ్వాలు మీద నుంచి కళ్ళెత్తకుండా, ఇంకెక్కడుంటానండీ అంది. కాస్త ఆగి, ఎవరూ అడగకుండానే ఇంకొంచెం చెప్పింది. "ఆఖరున వచ్చిన ఆ చిన్న టగ్గు పడవ కోసం ఆపారండీ. ఒళ్ళంతా జెండాలు కట్టారు దానికి. పిల్లలు పైన నిలబడి టోపీలు ఊపుతున్నారు. నార్మన్ హారను కూడా కొట్టాడు. మా అన్నయ్య ప్రాణం పోతున్న గడియలో నేను చేయి ఊపుతూ కూర్చున్నాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతోనే నా నోరు దానంతటది తెరుచుకుంది.

"ఆ టగ్గేనా? అది నా కిందనుంచే పోయిందమ్మా" అన్నాను.

గదిలో అందరూ నా వైపు చూశారు. నేను చెప్పాను. గురువారం మధ్యాహ్నం మా పిన్నిగారింటి నుంచి స్ట్రాబెర్రీలు తెచ్చుకుంటూ నేనూ ఆ వంతెన మీదే వస్తున్నాను. స్టీల్ వంతెనకు రెండు అంతస్తులు, కింద రైలు, పైన కార్లు. పెద్ద ఓడ వస్తే రెండూ లేస్తాయి. చిన్న పడవ వస్తే కింది అంతస్తు ఒక్కటే పైకి లేచి నిలబడుతుంది, పైన బండ్లు పోతూనే ఉంటాయి. టగ్గుకు కింది అంతస్తే లేపారు. నన్నెవరూ ఆపలేదు. కింద నుంచి పిల్లలు టోపీలు ఊపితే నేను బుట్ట ఎత్తి చూపించాను, ఒకడు నోరు తెరిచి చూపించాడు, విసరమని. నేను ఆ మాట చెప్పి నవ్వబోయాను. ఎవరూ నవ్వలేదు.

నార్మన్ మొహంలో రక్తం చుక్క లేదు. ఆయన భార్య వైపు చూశాడు, బడిలో పాఠం మరిచినవాడు పక్కవాడి వైపు చూసినట్టు. ఎడ్నా మాత్రం చేతిలో పని ఆపలేదు.

"సిగ్రిడ్ గారూ, మీకు రోజు గుర్తుండి ఉండదు. పెద్దవారు" అంది నాతో, తేనె కారేలా.

"రోజు గుర్తులేకపోవచ్చు తల్లీ. స్ట్రాబెర్రీలు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉన్నాయి" అన్నాను.

అప్పుడు చూశాను ఒపల్‌ను. తను ఎడ్నా మొహం చూడటం లేదు. ఎడ్నా చేతులు చూస్తోంది. ఆ చేతులు తువ్వాలు అంచులు రెండూ వెనక్కి మడిచి, పొడవును మూడుగా విరిచి, అంచు పైకి కనబడేలా దొంతర మీద పెట్టాయి. ఇంకొకటి తీశాయి. అదే మడత. పెళ్ళికి ముందు మీరెక్కడ పనిచేసేవారని ఒపల్ చాలా మామూలుగా అడిగింది. బట్టల కొట్లో, మగవాళ్ళ చొక్కాల దగ్గర, పదకొండేళ్ళు అంది ఎడ్నా. అని, తన చేతుల వైపు తనే ఒకసారి చూసుకుంది. చేతిలో ఉన్న తువ్వాలును మడవకుండా అలాగే బల్ల మీద పడేసింది.

ఇందాక ఓదారుస్తూ ఆ బుగ్గ మీద పెట్టిన చేతిని గౌనుకు తుడుచుకున్నాను. లెస్టర్ చొక్కాలో నార్మన్ చేయి ఒక్కటి కూడా పట్టదు. ఎడ్నా పడుతుంది. జుట్టు టోపీలోకి దోపుకుంటే సందులో నడిచి వెళ్ళే ఆ తెల్లబట్టల వీపు ఆమెదైనా కావచ్చు. కూత విని, ఒడ్డు మీద నుంచి టగ్గును చూసి, వంతెన మొత్తం లేచిందనుకుని ఉంటుంది. శవాన్ని చూశామని వచ్చినప్పుడు తువ్వాళ్ళ బుట్టలో ఆ బట్టలు తిరిగి లోపలికి రావచ్చు. రక్తసంబంధం కదా, ఆర్చీ నోటితో చెప్పలేని పేరు అదే అయి ఉంటుంది.

ఒపల్ తలుపు దగ్గర నిలబడ్డ గిల్‌ఫెదర్‌ను పక్కకు పిలిచి, వంతెన సంగతీ తువ్వాళ్ళ సంగతీ చెవిలో వేస్తోంది. ఆయన వింటున్నాడో లేదో తెలియదు. సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. గిల్‌ఫెదర్ తీసుకుని, అలాగా అన్నాడు, మళ్ళీ అలాగా అన్నాడు, ఇంకోసారి చెప్పమన్నాడు. ఫోను పెట్టేసి ఒపల్ వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. జాలి పడుతున్నట్టు చూశాడు.

"నీ పిల్లాడు ఒప్పేసుకున్నాడు పిన్నీ. సంతకం కూడా పెట్టాడు."

"అబద్ధం" అని నేను అరిచాను. ఆయన నన్ను పట్టించుకోకుండా వెనక గదిలోకి నడిచాడు, మేమూ వెళ్ళాము. తువ్వాలు విషయంలో ఆర్చీ తనను తిట్టాడని, కోపంలో తాళంకప్ప తీసుకుని కొట్టానని, దాన్ని మరుగుదొడ్డి పైన నీళ్ళ తొట్టిలో పడేశానని లెస్టర్ చెప్పాడట. ఆయుధం కోసం పోలీసులు నిన్నటి నుంచి ఆ గదిని గాలిస్తున్నారు. కాపలావాడు బల్ల ఎక్కి తొట్టి మూత తీసి, భుజం దాకా చేయి పెట్టాడు. చేయి బయటికి వచ్చినప్పుడు అందులో తువ్వాలు మూట ఉంది. మూటలో పెద్ద తాళంకప్ప.

గిల్‌ఫెదర్ దానిని నీళ్ళు కారుతుండగానే తన చేతిరుమాలులో చుట్టుకున్నాడు. ఇక చెప్పు అన్నాడు. వాడు చంపకపోతే ఇది ఇక్కడుందని వాడికెలా తెలుసు?

ఎవరు అడిగినా అదే అడుగుతారు. నేను ఆర్చీ బల్ల మీద కూర్చుండిపోయాను. కంచం కడిగిన పిల్లాడు. నేనే మోసపోయానా అనిపించింది ఒక్క క్షణం. ఒక్క క్షణమే, కానీ అనిపించింది.

ఒపల్ మాత్రం చాలా నిదానంగా, "ఈ రోజు వాడిని చూడటానికి ఎవరొచ్చారు రాల్ఫ్?" అంది.

ఎవరూ రాలేదని ఆయన అన్నాడు. ఆగి, పొద్దున ఈ పుణ్యాత్మురాలు తప్ప అని ముందు గది వైపు చూపించాడు. చచ్చిపోయినవాడి చెల్లెలై ఉండి, చంపినవాడికి రొట్టెముక్కలు, బైబిలు పట్టుకెళ్ళిందట. గంట కూర్చుందట. అలాంటి మనసు ఎవరికుంటుంది అన్నాడు. ఒపల్, నన్ను ఆ పిల్లాడితో మాట్లాడనీ, నువ్వూ రా, పక్కనే ఉండి విను అంది. గెలిచినవాడికి ఉదారత్వం ఎక్కువ. సరే రమ్మన్నాడు. మేము వచ్చేటప్పుడు ఎడ్నా తలుపు దగ్గరికి వచ్చి, వాడిని ఏమీ అనకండి, నేను క్షమించేశాను అంది. నేను ఆమె మొహం చూడలేక కారులోని పైల వైపు చూశాను.

జైల్లో లెస్టర్ ఇనుప మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వాళ్ళ వైపు పిల్లలకు ఆడవాళ్ళు గదిలోకి వస్తే కూర్చోవడం రాదు. గిల్‌ఫెదర్ రుమాలు మూట చేత్తో పట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నావని ఒపల్ అడగలేదు. అది వాడు నిన్ననే పోలీసులకు చెప్పాడు. కొండ మీద గులాబీ తోటలో గడ్డి మీద నిద్రపోయాడు, చూసినవాళ్ళెవరూ లేరు. దానికి బదులు, ఎందుకు సంతకం పెట్టావు నాయనా అని అడిగింది.

వాడు నా వైపు చూసి, ఒపల్ వైపు చూసి, చేతులు నలుపుకున్నాడు. కోర్టు దాకా పోతే పేపర్లో పడుతుంది, అమ్మ చదువుతుంది అన్నాడు. కోపంలో జరిగిందని ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుంది, సోమవారం ఓడ వాడిని ఎక్కించుకుంటుంది, చనిపోయినాయన కుటుంబమే క్షమించింది కనక జడ్జి ఏమీ అనడు. ఇదంతా వాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఎవరు చెప్పారు నీకివన్నీ అంటే మాత్రం తల వంచుకున్నాడు. మాటిచ్చాను అమ్మగారూ, చెప్పకూడదు అన్నాడు. ఆవిడ నా చేయి పట్టుకుని ఏడ్చిందండీ అని మాత్రం అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"విన్నావా పిన్నీ. ఒప్పుకున్నాడు" అన్నాడు గిల్‌ఫెదర్.

నాకు ఏడుపొచ్చింది. సేలం జైల్లో గది సంగతి వాడికి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఒపల్ నా చేయి నొక్కింది. భయపెడితే వాడు ఇచ్చిన మాటను ఇంకా గట్టిగా పట్టుకుంటాడని తనకు తెలుసు. వెళ్ళి మంచం మీద వాడి పక్కన కూర్చుంది, వాడిని కూడా కూర్చోబెట్టింది. మీ ఊళ్ళో ఇప్పుడు పత్తి ఎంత ఎత్తుంటుందని అడిగింది. మోకాలి దాకా అన్నాడు. మీ అమ్మకు ఎంతమందని అడిగింది. నేను పెద్దవాడినండీ అన్నాడు. వాడి భుజాలు కాస్త దిగాయి.

"సరే. కాగితంలో ఒక్క ముక్క రాయడం మరిచారట. అది చెప్పేస్తే అయిపోతుంది" అంది ఒపల్, అదేదో చిన్న పని అయినట్టు. "నువ్వు ఆర్చీని కొట్టిన తాళంకప్ప ఉంది కదా. అదేం రంగు?"

లెస్టర్ నుదురు ముడివేసి ఆలోచించాడు. సాయం చేద్దామనే ఆలోచించాడు పాపం, అది మొహంలోనే కనబడుతోంది. తరువాత తప్పు చేసినవాడిలా ఒపల్ వైపు చూశాడు.

"అది ఆవిడ చెప్పలేదు అమ్మగారూ."

రుమాలులోంచి నీటిబొట్లు నేల మీద పడుతున్నాయి. నేను ఏమైనా తప్పు మాట్లాడానా అని వాడు నన్ను అడిగాడు. లేదు నాయనా, నీ జన్మలో ఇంత మంచి మాట మాట్లాడి ఉండవు అన్నాను.

గిల్‌ఫెదర్ చేతిలో ఉన్న మూట వైపు చూసుకున్నాడు, తరువాత ఒపల్ వైపు చూశాడు. దుకాణం దగ్గర కాపలావాడు ఎవరిని లోపలికి రానివ్వకూడదో ఆయన చెప్పి వచ్చాడు గానీ, ఎవరిని బయటికి పోనివ్వకూడదో చెప్పి రాలేదు. వీధి నిండా నావికులు. వెనక గది నిండా తాళాలున్న లాకర్లు, ప్రతి లాకర్లోనూ ఒక తెల్ల జత. ఎడ్నా దగ్గర అన్నిటికీ మారుతాళాలున్నాయి.

ఆయన తలుపు తీసి మెట్ల మీద పరిగెత్తాడు. ఆ మనిషి పరిగెత్తడం నేను చూసింది అదొక్కసారే.